ఇంజన్ ఆయిల్: ఏది పోయాలి, ఎలా చూడాలి, ఎప్పుడు మార్చాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

స్ప్లెండర్ నడిపేవాళ్లయినా, డీజిల్ కారు ఉన్నవాళ్లయినా, ట్రాక్టర్ తోలేవాళ్లయినా ఆయిల్ గురించి అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. సగం రంగు మీద, సగం బ్రాండ్ మీద. నా లెక్కలో ఈ రెండింటికీ ఆఖరి స్థానం. మాన్యువల్‌లో ఏ గ్రేడు రాశారు, ఇంజన్‌లో ఇప్పుడు ఎంత ఆయిల్ ఉంది, పోసి ఎన్నాళ్లయింది, ముందు ఈ మూడూ చూసుకుంటే చాలా అనుమానాలు వాటంతటవే తీరిపోతాయి.

మా బండికి ఏ ఆయిల్ పోయాలో ఎక్కడ చూడాలి?

బండితో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో. ఆఖరి పేజీల్లో టైర్లలో గాలి ఎంత, బల్బు ఎన్ని వాట్లు అని ఇచ్చే పట్టికలోనే ఇంజన్ ఆయిల్ వివరాలూ ఉంటాయి. పుస్తకం పోయిందంటే కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ పేరు కొడితే పీడీఎఫ్ దొరుకుతుంది. చాలా కార్లకు ఆయిల్ పోసే మూత మీదే గ్రేడు అచ్చేసి ఉంటుంది.

అక్కడ మూడు సంగతులు రాసుకోండి. ఒకటి 10డబ్ల్యూ-30 లాంటి చిక్కదనం గ్రేడు. రెండోది ఎస్ఎల్, ఎస్ఎన్, సీఐ-4 లాంటి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) గ్రేడు. బైకైతే మూడోది, ఎంఏ, ఎంఏ2, ఎంబీ అని ఉండే జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) గ్రేడు. ఎంత పడుతుందో కూడా అక్కడే రాసి ఉంటుంది. హీరో స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ-30, చాలా పల్సర్ మోడళ్లకు 20డబ్ల్యూ-50, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350లకు 15డబ్ల్యూ-50, ఈమధ్య వస్తున్న చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి 0డబ్ల్యూ-20. పక్కింటాయన బుల్లెట్‌కు పోయగా డబ్బాలో మిగిలిన ఆయిల్‌ను మన స్ప్లెండర్‌లో ఎందుకు పోయకూడదో ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది.

ఈ గ్రేడులు కలిస్తే పేరున్న ఏ కంపెనీ ఆయిలైనా పనిచేస్తుంది. సర్వో, హెచ్‌పీ, మాక్, క్యాస్ట్రాల్, గల్ఫ్, షెల్, మోటుల్... వీటిలో ఏది గొప్పదని వాదించుకునే బదులు, మన గ్రేడు ఏ షాపులో అసలు సరుకు దొరుకుతుందో కనుక్కోవడం మేలు.

10డబ్ల్యూ-30లో ఆ అంకెలు ఏం చెబుతాయి?

డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. తక్కువ అంకె ఉంటే ఎక్కువ చలిని తట్టుకుంటుంది. ఇంజన్ తిరగగలదా లేదా అన్న పరీక్షను 20డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 15 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూకు మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూకు మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యూకు మైనస్ 35 దగ్గర చేస్తారు.

రెండో అంకె ఇంజన్ బాగా వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఆయిల్ చిక్కదనం. 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) మధ్య ఉండాలి. 40 గ్రేడు 12.5 నుంచి 16.3 మధ్య, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య.

లంబసింగిలో కూడా మైనస్ 15 రాదు కదా, మనకు ఆ మొదటి అంకెతో ఏం పని అని అడుగుతారు. పని ఉంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే అది పంపు నుంచి పైన వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్ దాకా ఎక్కాలి. 20 డిగ్రీల చలిలో కూడా 5డబ్ల్యూ-40 ఎక్కినంత త్వరగా 20డబ్ల్యూ-40 ఎక్కదు. అది పూర్తిగా అందేలోపు జరిగే అరుగుదలే రోజూ కొంచెం కొంచెం పోగుపడుతుంది. అందుకే చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేయగానే గట్టిగా రేజ్ చేయొద్దనేది.

మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోస్తే మంచిది కదా?

రెంటచింతలలో, రామగుండంలో 45 డిగ్రీలు దాటే మాట నిజమే. కానీ నీటితో చల్లబడే కారు ఇంజన్‌కు థర్మోస్టాట్ ఉంటుంది. బయట 25 ఉన్నా 45 ఉన్నా ఇంజన్‌ను అది దాదాపు ఒకే వేడి దగ్గర నిలబెడుతుంది. లోపల ఆయిల్ ఎలాగూ 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. బయటి 20 డిగ్రీల తేడా దానికి పెద్ద లెక్క కాదు.

గాలితో చల్లబడే బైకు సంగతి వేరు. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆగి ఉంటే గాలి తగలదు, ఇంజన్ బాగా కాగుతుంది. ఆ విషయం కంపెనీకి తెలియక కాదు. ఇక్కడి ఎండలు చూసే ఇక్కడి మాన్యువల్ రాశారు. ఒక్కోసారి మాన్యువల్‌లోనే వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడులు ఇస్తారు. అప్పుడు ఎండాకాలానికి అందులో చిక్కటిది ఎంచుకోండి, తప్పేమీ లేదు.

ఆ పట్టికలో లేని చిక్కటి ఆయిల్ పోస్తే మాత్రం మైలేజీ పడిపోతుంది. పొద్దున స్టార్టింగ్‌లో ఆయిల్ ఆలస్యంగా అందుతుంది. ఇప్పటి కార్లలో వాల్వ్ టైమింగ్‌ను మార్చే భాగాలు ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తాయి, వాటి సన్నటి దారుల్లో చిక్కటి ఆయిల్ మొరాయిస్తుంది. 0డబ్ల్యూ-20 రాసిన కారులో 20డబ్ల్యూ-50 పోసి "సౌండ్ తగ్గింది సార్, చూడండి" అనే మెకానిక్‌లు ఉన్నారు. సౌండ్ నిజంగానే తగ్గుతుంది. దాన్ని బట్టి ఇంజన్ బాగుపడిందని అనుకోకూడదు.

కారు ఆయిల్ బైక్‌లో పోయవచ్చా?

గేర్ల బైక్‌లో వద్దు. చాలా బైకుల్లో ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. మైలేజీ కోసం కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి క్లచ్ ప్లేట్ల మధ్య చేరితే ప్లేట్లు పట్టు తప్పుతాయి. యాక్సిలరేటర్ తిప్పితే శబ్దం పెరుగుతుంది, బండి మాత్రం లాగదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బాగా తెలుస్తుంది. జాసో ఎంఏ, ఎంఏ2 గ్రేడులు పెట్టింది ఈ తడి క్లచ్‌ల కోసమే. ఎంఏ2కు పట్టు ఎక్కువ.

గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ పొడిగా, వేరే పెట్టెలో ఉంటుంది. వాటికి ఎంబీ ఆయిల్ సరిపోతుంది, రాపిడి తక్కువ కాబట్టి మైలేజీకీ మంచిది. స్కూటర్‌లో బైకు ఆయిల్ పోశారని కంగారుపడక్కర్లేదు, ఈసారి మార్చేటప్పుడు సరైనది పోయండి. స్కూటర్లున్న వాళ్లు మరిచిపోయేది వేరే ఉంది. వెనక చక్రం దగ్గర చిన్న గేర్ల పెట్టె ఉంటుంది, దానికి విడిగా గేర్ ఆయిల్ ఉంటుంది. పట్టేది చిన్న టీ కప్పుడే. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ తాకరు, చివరికి వెనక నుంచి గుయ్‌మని మోత మొదలవుతుంది.

మినరల్, సెమీ సింథటిక్, ఫుల్ సింథటిక్... అంత డబ్బు పెట్టడం అవసరమా?

బండిని బట్టి. ముడి చమురును శుద్ధి చేసి తీసేది మినరల్. అణువులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉండేలా రసాయన ప్రక్రియతో తయారుచేసేది సింథటిక్. ఇది ఎక్కువ వేడిలో త్వరగా మాడదు, చలిలో గడ్డకట్టదు. సెమీ అంటే రెండూ కలిపినది. ఏది ఎంత కలిపారో డబ్బా మీద రాయరు.

సింథటిక్ అన్న మాట కూడా కాస్త సాగే మాటే. 1990ల చివర్లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య దీని మీద పెద్ద గొడవ నడిచింది. ముడి చమురునే హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసిన గ్రూప్ 3 ఆయిల్‌ను సింథటిక్ అని అమ్మవచ్చా అన్నది తగాదా. 1999లో అక్కడి ప్రకటనల పంచాయతీ సంస్థ అమ్మవచ్చని తేల్చింది. ఇవాళ షాపులో ఫుల్ సింథటిక్ అని కనిపించే డబ్బాల్లో చాలావరకు ఉండేది అలాంటి ఆయిలే. చెడ్డదేం కాదు, బాగా పనిచేస్తుంది.

టర్బో ఉన్న కారైతే మాన్యువల్ చెప్పిన సింథటిక్‌కు తక్కువ పోయవద్దు. టర్బో షాఫ్ట్ బేరింగుల దగ్గర ఆయిల్ మాడి బొగ్గులా అంటుకుంటే ఆ ఖర్చుతో ఎన్నో ఏళ్ల ఆయిల్ కొనుక్కోవచ్చు. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లొచ్చే 100 సీసీ బైకుకు మాత్రం మాన్యువల్‌లో ఉన్న మామూలు ఆయిల్ వేళకు మారిస్తే చాలు. ఖరీదైన ఆయిల్ పోసి రెండేళ్లు మార్చకపోవడం కంటే అదే నయం.

ఎస్ఎన్, ఎస్‌పీ, సీఐ-4, సీకే-4: ఈ అక్షరాల సంగతేంటి?

ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజన్లకు, సీతో మొదలైతే డీజిల్‌కు. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం. ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. డీజిల్‌లో సీఐ-4 2002లో, సీకే-4 2016 చివర్లో. పెట్రోల్ బండికి ఎస్ఎల్ అడిగితే ఎస్ఎన్ పోయవచ్చు. ఎస్‌పీ అడిగితే మాత్రం ఎస్ఎల్ పోయకూడదు.

డీజిల్ కార్ల వాళ్లు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్ల పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ పెడుతున్నారు. పేరు డీపీఎఫ్. మసి ఎక్కువైనప్పుడు ఇంజనే దాన్ని కాల్చేసుకుంటుంది. కానీ ఆయిల్‌లోని మందులు కాలితే మిగిలే బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి. మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2, సీ3 అనో, కంపెనీ సొంత కోడ్‌తోనో రాస్తారు. ఇంట్లో ట్రాక్టర్‌కు తెచ్చిన 15డబ్ల్యూ-40 డబ్బా ఉంది కదా, అదీ డీజిలే ఇదీ డీజిలే అని బీఎస్6 కారులో పోస్తే తర్వాత డీపీఎఫ్ బిల్లు చూసి గుండె జారుతుంది.

ఆయిల్ లెవల్ సరిగ్గా చూడటం ఎలా?

కారును సమంగా ఉన్న చోట ఆపండి. ఇంజన్ వేడిగా ఉండాలి, ఆఫ్ చేసి ఐదు పది నిమిషాలు కావాలి, పైనున్న ఆయిల్ కిందికి దిగడానికి. డిప్‌స్టిక్, అంటే ఆయిల్ కొలిచే పుల్ల, తీసి పీచు రాలని గుడ్డతో తుడవండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించే గీతను నమ్మొద్దు, గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పుల్లకంతా పూసుకుని ఉంటుంది. తుడిచి, అడుగు తగిలేదాకా పెట్టి మళ్లీ తీయండి. పుల్ల రెండు వైపులా చూడండి. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ కనిపిస్తే తక్కువదే లెక్క. కింద ఒక గుర్తు, పైన ఒక గుర్తు ఉంటాయి. ఆ మధ్యలో, పై గుర్తుకు దగ్గరగా ఉంటే బాగున్నట్టు. చాలా కార్లలో రెండు గుర్తుల మధ్య తేడా ఒక లీటరు దాకా ఉంటుంది, కాబట్టి కింది గుర్తు దగ్గర ఉంటే ఒకేసారి లీటరంతా గుమ్మరించకుండా కొంచెం కొంచెంగా పోసి చూసుకోవాలి.

బైక్‌ను సైడ్ స్టాండ్ మీద పెట్టి చూస్తే అంతా తప్పే. సెంటర్ స్టాండ్ వేయాలి, లేదంటే ఎవరినైనా నిటారుగా పట్టుకోమనాలి. హీరో, హోండా బైకుల్లో మూతకే పుల్ల ఉంటుంది. చూసేటప్పుడు ఆ మూతను మరతో బిగించకూడదు, ఊరికే ఆనించి తీయాలి. బిగిస్తే పుల్ల లోపలికి దిగి, లేని ఆయిల్ ఉన్నట్టు చూపిస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి వాటికి పక్కన గాజు కిటికీ ఉంటుంది, దాని గుర్తుల మధ్య ఆయిల్ కనబడాలి.

ఆయిల్ నల్లబడింది. మార్చేయాలా?

రంగు ఒక్కటే చూసి మార్చొద్దు. షెడ్డులో పుల్ల బయటకు తీసి, వేలికి రాసి, "చూడండి సార్, ఎంత నల్లగా ఉందో" అనడం మామూలే. నల్లగానే ఉండాలి మరి. ఆయిల్‌లో మురికిని వదలగొట్టే మందులూ, వదిలిన మసిని గడ్డ కట్టకుండా పొడిపొడిగా మోసే మందులూ ఉంటాయి. ఆ పని జరుగుతోందనే నలుపు చెబుతుంది. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది, డీజిల్ మసి అంత. పెట్రోల్‌లో తేనె రంగు నుంచి గోధుమ రంగుకు, ఆపైన ముదురు రంగుకు మెల్లగా మారుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. సీఎన్‌జీ ఆటోల్లో ఆయిల్ చాలా రోజులు శుభ్రంగా కనిపిస్తుంది, ఎందుకంటే గ్యాస్ మండితే మసి తక్కువ. అలాగని ఆయిల్ బాగున్నట్టు కాదు. వేడికి అది లోలోపల చిక్కబడుతూ, ఆమ్లాలు పెరుగుతూ ఉంటుంది. రంగు చూసి "ఇంకా నెల ఆడొచ్చు" అనుకునే ఆటోవాళ్లకు ఈ సంగతి ముందుగా చెప్పాలి.

మరి చెడిపోయిందని దేన్ని బట్టి తెలుసుకోవాలి?

పుల్ల చివర వాసన చూడండి. పెట్రోల్ వాసన ఘాటుగా వస్తే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోంది. పలచబడిన ఆయిల్ బేరింగుల దగ్గర పొరగా నిలబడదు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగి ఆపేసే బండ్లలో ఇది ఎక్కువ, ఎందుకంటే ఆ కలిసిన పెట్రోల్ ఆవిరయ్యేంత వేడి ఇంజన్‌కు ఎక్కదు.

పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్లు కలిశాయి. ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. వానాకాలంలో, తక్కువ దూరాలు తిరిగే కారులో, పోసే మూత లోపల మాత్రమే పల్చటి మీగడలా ఉండి పుల్ల మీద ఆయిల్ బాగుంటే అది చెమ్మ. ఒక గంట హైవే మీద తోలితే పోతుంది. పుల్ల మీద కూడా అలాగే ఉండి, కూలెంట్ ట్యాంకులో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్‌లో కూలెంట్‌నూ ఆయిల్‌నూ కలవకుండా ఆపే సీలు) పోయినట్టు అనుమానించాలి, బండి నడపకుండా చూపించాలి.

వేళ్ల మధ్య ఇసుకలా తగిలినా, ఎండలో పెట్టి చూస్తే మెరిసే రేకుల్లాంటివి కనిపించినా ఇంజన్‌లో ఏదో అరుగుతోంది. కొత్త బండి మొదటి ఆయిల్‌లో సన్నటి మెరుపు ఉండటం మాత్రం మామూలు.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. వేడిగా ఉన్న ఇంజన్ నుంచి పుల్ల తీసి, కాఫీ వడకట్టే ఫిల్టర్ కాగితం మీద ఒక చుక్క వేయండి. కాగితం దేనికీ ఆనకుండా గ్లాసు మీద పరిచి, కొన్ని గంటలు వదిలేయండి. మధ్యలో ముదురు మచ్చ ఉండి, అది క్రమంగా లేతబడుతూ అంచుల దాకా పరుచుకుంటే మసిని మోసే శక్తి ఆయిల్‌కు ఇంకా ఉంది. మధ్యలో నల్లటి ముద్దలా ఆగిపోయి, దాని చుట్టూ గీత గీసినట్టు అంచు ఏర్పడి, బయట ఉత్త నూనె తడి మాత్రమే ఉంటే ఆ శక్తి అయిపోయింది. బాగా బయటికి పలచటి వలయం విడిగా కనిపిస్తే ఇంధనం కలిసి ఉండొచ్చు. డీజిల్ బండ్లకు ఇది బాగా పనికొస్తుంది. కొత్త ఆయిల్ చుక్క ఒకటి పక్కనే వేసుకుంటే తేడా చూడటం తేలిక. దీంతో అన్నీ తెలియవు, చిక్కదనం ఎంత మిగిలిందో లోహం ఎంత కలిసిందో ల్యాబ్‌లోనే తేలుతుంది. లారీలు, జేసీబీలు నడిపేవాళ్లు ల్యాబ్‌కు పంపితే ఇనుము పెరిగితే ఏది అరుగుతోందో, సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము వస్తోందో తెలుస్తుంది. ఇంటి కారుకు అంత అవసరం లేదు.

ఆయిల్ తగ్గుతూ ఉంది. ఇంజన్ రిపేరుకు వచ్చినట్టేనా?

వెంటనే ఆ మాట అనక్కర్లేదు. ఏ ఇంజనైనా కొంత తాగుతుంది. 1,000 కిలోమీటర్లకు లీటరు దాకా మామూలే అని కొన్ని కార్ల కంపెనీలు మాన్యువల్‌లో రాసుకుంటాయి. అది కంపెనీ తన జాగ్రత్త కోసం రాసుకున్న మాట అని నా అభిప్రాయం. మనం చూడాల్సింది పోయిన ఏడాది కంటే ఈ ఏడాది ఎక్కువ తాగుతోందా అని.

ముందు కింద నేల చూడండి, కారుతోందేమో. కారడం లేదంటే పొగ చూడండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి గుప్పున వచ్చి ఆగిపోతే ఎక్కువగా వాల్వ్ సీళ్లు. అది చిన్న పనే. యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. ఈలోపు లెవల్ తగ్గకుండా అదే గ్రేడు టాపప్ చేస్తూ ఉండండి. ఎన్నో ఇంజన్లు పోయేది ఆయిల్ తాగినందుకు కాదు, తాగిన దాన్ని ఎవరూ నింపనందుకు. కంపెనీ వేరైనా గ్రేడు ఒకటే అయితే కలపవచ్చు, ఏపీఐ ప్రమాణం ఉన్న ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలిసేలా ఉండాలన్నది నియమమే.

పోయకుండానే లెవల్ పెరిగింది. సంతోషించాలా?

అస్సలు వద్దు. ఇంధనమో కూలెంటో కలుస్తోందన్నమాట. బీఎస్6 డీజిల్ కార్లలో ఇది తరచుగా జరుగుతుంది. మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. ఊళ్లో తిరుగుడులో ఆ పని మధ్యలోనే ఆగిపోతే కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. పై గుర్తు దాటితే ఆయిల్ మార్చాల్సిందే.

ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఇంటిదాకా మెల్లగా వెళ్లవచ్చా?

వెళ్లకూడదు. పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయండి. ఆ నూనె డబ్బా బొమ్మ ఆయిల్ ఎంతుందో చెప్పే లైటు కాదు, ఒత్తిడి పోయిందని చెప్పేది. అంటే ఆ క్షణంలో బేరింగులకు ఆయిల్ అందడం లేదు. లెవల్ చూసి, తక్కువైతే పోసి, లైటు ఆరితేనే కదలండి. లెవల్ సరిగ్గా ఉండి కూడా వెలుగుతుంటే టోయింగ్ పిలవండి. ఆ ఖర్చు ఇంజన్ దింపే ఖర్చు ముందు ఏమీ కాదు.

కొంచెం ఎక్కువ పోస్తే ఏమవుతుంది?

పై గుర్తుకు ఒక పిసరు పైన ఉంటే ఏమీ కాదు. బాగా ఎక్కువైతే తిరిగే క్రాంక్ ఆయిల్‌లో మునిగి మజ్జిగ చిలికినట్టు నురగ చేస్తుంది. నురగలో ఉండేది గాలి, అది బేరింగును కాపాడలేదు. ఆయిల్ సీళ్లు కూడా కారడం మొదలుపెడతాయి. డ్రెయిన్ బోల్ట్ వదులు చేసి కొంత తీయించండి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

చాలా పెట్రోల్ కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఆ "ఏడాది" అన్న మాటను జనం వదిలేస్తారు. కొడుకు విదేశాల్లో ఉండి, ఇంటి ముందు కవరు కప్పి ఉంచిన కారు ఏడాదికి రెండు వేలు కూడా తిరగదు. అయినా ఆయిల్ మార్చాలి. చెమ్మ, ఇంధనం, ఆమ్లాలు కిలోమీటర్లు లెక్కపెట్టవు. బైకులకు మోడల్‌ను బట్టి 3,000 నుంచి 10,000 దాకా ఉంది కాబట్టి మాన్యువల్ తప్ప వేరే దారి లేదు.

మాన్యువల్‌లోనే కష్టమైన వాడకానికి వేరే గడువు ఇస్తారు. దుమ్ము రోడ్లు, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్, చిన్న చిన్న దూరాలు, బరువు లాగడం ఇవన్నీ అందులోకే వస్తాయి. నిజం చెప్పాలంటే హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు తిరిగే కారు ఆ కోవలోదే. ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్ల బండ్ల సంగతి ఇంకా వేరు. సిగ్నళ్ల దగ్గర, హోటళ్ల ముందు ఇంజన్ ఆడుతూనే ఉంటుంది, మీటర్ మాత్రం తిరగదు. వాళ్లు మామూలు గడువు కంటే ముందే మార్చుకోవాలి, వారానికోసారి లెవల్ చూసుకోవాలి.

ట్రాక్టర్‌కు లెక్క గంటల్లో. చాలా మోడళ్లకు 250 గంటల ప్రాంతంలో ఉంటుంది, కొత్త వాటికి ఇంకా ఎక్కువ ఇస్తున్నారు. దమ్ము చేసే రోజుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఆడుతుంది కాబట్టి ఆ గంటలు నెలలోపే నిండిపోవచ్చు. పాత ట్రాక్టర్లలో ఎయిర్ క్లీనర్ కిందున్న గిన్నెలో కూడా ఆయిల్ ఉంటుంది. దుక్కి దుమ్మంతా పట్టుకునేది అదే. గిన్నె అడుగున బురద పేరుకున్నా మార్చకపోతే దుమ్ము నేరుగా బోరులోకి పోతుంది, అప్పుడు ఎంత మంచి ఇంజన్ ఆయిల్ పోసినా లాభం లేదు.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కూడా మార్చాలా?

కారుకైతే ప్రతిసారీ. పాత ఫిల్టర్‌లోనే మురికి ఆయిల్ మిగిలి కొత్త దాంతో కలుస్తుంది. పైగా ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోతే ఇంజన్‌కు ఆయిల్ ఆగిపోకుండా ఒక బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, అప్పుడు వెళ్లేది వడపోయని ఆయిలే. స్ప్లెండర్‌కు కాగితం ఫిల్టర్ లేదు. తిరిగే గిన్నె ఒకటి మురికిని అంచులకు విసిరి పట్టుకుంటుంది, ఒక జల్లెడ ఉంటుంది. యాక్టివాలో కూడా జల్లెడే. "ఫిల్టర్ మార్చాం" అని ఈ బండ్లకు బిల్లు వేస్తే ఏ ఫిల్టరో అడగండి.

ఇంకో చిన్న వస్తువు, డ్రెయిన్ బోల్ట్ కింద వాషర్. కొద్ది రూపాయలే, కొత్తది వేయించండి. కారుతోందని పాత వాషర్‌తోనే బోల్ట్‌ను బలంగా బిగిస్తే అల్యూమినియం మరలు తెగుతాయి.

నకిలీ ఆయిల్ గుర్తుపట్టేది ఎలా?

మూత సీలు, డబ్బా మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. ఎమ్మార్పీ కంటే చాలా తక్కువకు ఇస్తున్నారంటే ఆలోచించండి. కంపెనీ పెట్రోల్ బంకులో, అధీకృత డీలర్ దగ్గర కొనడం నిశ్చింత. డ్రమ్ము నుంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ ఏ గ్రేడో ఎవరూ చెప్పలేరు. డబ్బా మీ ముందే తెరిచి పోయమనండి.

ఫ్లషింగ్, ఇంజన్ ట్రీట్‌మెంట్ సీసాలు వాడాలా?

వేళకు ఆయిల్ మార్చిన ఇంజన్‌కు అవసరం లేదు. ఏళ్ల తరబడి మార్చని ఇంజన్‌లో ఫ్లష్ పోస్తే ఊడివచ్చిన మడ్డి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడే ప్రమాదం ఉంది. అలాంటి ఇంజన్‌కు మామూలు ఆయిల్‌నే త్వరత్వరగా రెండు మూడు సార్లు మార్చడం మంచిది.

వరద నీళ్లలో బండి మునిగింది. స్టార్ట్ చేసి చూడొచ్చా?

వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు వీధులు మునిగినప్పుడు ఎందరి బండ్లో రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నీళ్లు తగ్గగానే చాలామందికి మొదట వచ్చిన ఆలోచన కిక్ కొట్టి చూద్దామనే. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు బ్యాటరీ తీగ తీసేయాలి. స్పార్క్ ప్లగ్ విప్పి సిలిండర్‌లో నీళ్లు బయటకు పోయేలా చేయాలి. ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, స్కూటరైతే గేర్ ఆయిల్ కూడా మార్చాలి. కొత్త ఆయిల్‌తో కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఆడించి, దాన్నీ తీసేసి మళ్లీ కొత్తది పోయాలి. రెండోసారి తీసినది కూడా కాఫీలా వస్తే మూడోసారి. బీమా ఉంటే ముట్టుకునే ముందే కంపెనీకి చెప్పి ఫొటోలు తీయండి.

పాత టూ స్ట్రోక్ బండికి ఏది?

2టీ ఆయిల్. అది పెట్రోల్‌తో కలిసి కాలిపోవడానికే తయారైంది. మామూలు ఇంజన్ ఆయిల్ కలిపితే ప్లగ్ మూసుకుపోతుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది. 2టీని ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పోయకూడదు.

అమెరికాలో ఉంటాం. ఇక్కడ 3,000 మైళ్లకు మార్చమని స్టిక్కర్ అంటిస్తారు. నిజమేనా?

అది పాత అలవాటు. 0డబ్ల్యూ-20 సింథటిక్ వాడే ఇప్పటి కార్లలో చాలావాటి మాన్యువల్ 5,000 నుంచి 10,000 మైళ్లు ఇస్తుంది. మినియాపొలిస్ లాంటి చోట చలికాలంలో మొదటి అంకె నిజంగా పనికొస్తుంది, అక్కడ 0డబ్ల్యూ రాసి ఉంటే 10డబ్ల్యూతో సరిపెట్టుకోకండి.

తీసేసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

కాలువలో, చెట్టు మొదట్లో పోయకండి. కర్రలకు చెదలు పట్టకుండా పూయడం, గేటు బందులకు రాయడం మన ఊళ్లలో ఉన్న అలవాటే. కానీ వాడేసిన ఆయిల్‌లో లోహాలు, కాలినప్పుడు పుట్టిన క్యాన్సర్ కారక పదార్థాలు ఉంటాయి. చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి, పశువులు నాకే చోట అస్సలు పూయకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇది మామూలు చెత్త కాదు. వాడిన ఆయిల్‌ను వెనక్కి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ నుంచి తయారీదార్ల మీద పెట్టారు.

ఇంట్లో మార్చుకునేవాళ్లు కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది పోసి, మూత బిగించి, పాత ఆయిల్ డ్రమ్ము ఉన్న సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. డ్రమ్ములో వంపించాక డబ్బా వెనక్కి తెచ్చుకుని కత్తితో అడ్డంగా కోసి పారేయండి. కోయని డబ్బా పాత సామాన్ల వాడి దగ్గరికి వెళ్తే, నకిలీ ఆయిల్ నింపేవాడికి సరుకు అందినట్టే.